కొల్లేరు: నేలహద్దులును నీటిహద్దులును

కృష్ణా గోదావరుల నడిమి పల్లపునేలలో విస్తరించియున్న కొల్లేరు ఆంధ్రదేశచరిత్రమున మిక్కిలి ప్రాచీనమైన ప్రశస్తి గల సరస్సు. శాలివాహనశకము 556, అనగా క్రీ. శ. 634 నాటి ఐహోళె శాసనమున రవికీర్తి తన ప్రభువగు రెండవ పులకేశి విజయములను వర్ణించుచు, పిష్టపురవిజయమును చెప్పిన వెంటనే, కునాలజలము యుద్ధమున రక్తవర్ణమైనట్లు పలికినాడు. ఆ కునాలము కొల్లేరే యని చరిత్రజ్ఞులు పలువురు తలచుచున్నారు. దశకుమారచరితమున ఆంధ్రనగరసమీపమందు వర్ణింపబడిన మహాసరస్సు కూడ ఇదియే యని కొందఱి మతము. శాలంకాయనులకు రాజధానియైన వేంగి, నేటి పెదవేగి, ఇచటికి దూరము కాదు. ఈ నీటికొఱకు రాజులు పోరిన కథ శాసనములయందు గలదు. ఈ నీటిని చెఱచినవారి కథ మాత్రము ఏ శాసనమునందును లేదు. ఏలయన నది యొక్కరి పని కాదు, ఒక్కనాటి పనియును గాదు.

కొల్లేరు స్వభావముచేత పరుల నీటిపై నాధారపడినది. పడమట మైలవరము ప్రాంతపు కొండలనుండి బుడమేరును, ఉత్తరమున ఖమ్మము సీమనుండి తమ్మిలేరును, మఱి కొన్ని వాగులును వానకాలమున వచ్చి యిందు చేరును. చేరిన నీరు వెలికిపోవుటకు ఉప్పుటేరు ఒక్కటియే మార్గము. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి యది బంగాళాఖాతమున కలియును. రాకకు పెక్కు దారులు, పోకకు ఒక్కటియే దారి: ఇందువలన కొల్లేరు వరదలను తనలో నిముడ్చుకొని చుట్టుపట్ల పల్లెలను కాపాడినది. ఇందువలననే నీటితో వచ్చిన మాలిన్యములో చాలభాగమును తనలోనే నిలుపుకొనవలసినదియు నైనది.

పూర్వము ఈ రాకపోకలు ఋతువుల ననుసరించి జరుగుచుండెను. పందొమ్మిదవ శతాబ్దమధ్యమున నా క్రమము మాఱినది. నందననామసంవత్సరపు కఱవు, అనగా 1832-33 నాటి క్షామము, తీరప్రాంతమును పాడుచేసిన పిమ్మట సర్ ఆర్థరు కాటన్ యత్నముచే 1847 మొదలు 1852 లోపల ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టబడెను. 1852 మొదలు 1855 లోపల బెజవాడయొద్ద కృష్ణకును ఆనకట్ట వెలసెను. రెండు నదులనుండి బయలుదేఱిన కాలువలు ఏలూరికడ కలిసికొనినవి. మెట్టలు మాగాణులైనవి, కఱవుసీమ అన్నపూర్ణయైనది. అయితే పొలమునకు నీరు తెచ్చు కాలువ యెంత యవసరమో, వాడిన నీటిని తీసికొనిపోవు మురుగుకోడును అంతే యవసరము. ఆ కోళ్లలో ననేకములకు కొల్లేరే గమ్యస్థానమయ్యెను. రెండు మహానదుల డెల్టాలు తమ మిగులునీటిని ఈ యొక్క పల్లమునకు వదలజొచ్చినవి.

మొదటి నూఱేండ్లు ఈ మురుగు వట్టి నీరును ఒండ్రుమట్టియు మాత్రమే. 1966 తరువాత అధికదిగుబడి వరివంగడములు వ్యాపించినకొలది రసాయనపుటెరువులును పురుగుమందులును పొలములకెక్కినవి. పైరు గ్రహింపగా మిగిలిన నత్రజని, భాస్వరములు మడినీటితో కోడునకు దిగును. ఒక్క మడినుండి దిగునది యెంతయు లేదు, కన్నులకు కానరాదు. వేలకొలది మళ్ల నీరు కలిసినప్పుడు మాత్రము సరస్సున గుఱ్ఱపుడెక్క దట్టముగా నల్లుకొని పడవల దారి మూసివేయును, నాచు పెరిగి చచ్చి క్రుళ్లును, క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు తఱుగును, చేపలు చచ్చును. దీనికి పట్టణముల మురుగు తోడగుచున్నది. లంకగ్రామములలోని జనులు నలువైపుల నీరుండియు త్రాగునీటికై యితరస్థలములను చూడవలసివచ్చుట యీ మార్పుయొక్క ఫలములలో నొకటి. దోషి యెవ్వడని యడిగినచో, ప్రతి రైతును తన పొలమునుండి వెడలినది యల్పమనుచున్నాడు. అతడు చెప్పునది నిజము. ఆ నిజములన్నియు కలిసి కొల్లేటిలో నబద్ధమగుచున్నవి.

ఇంతలో నేలహద్దులు పలుమాఱులు మాఱినవి. 1859లో కృష్ణా, గోదావరి జిల్లాలేర్పడెను. 1904లో గుంటూరు వేఱుపడినప్పుడు ఏలూరు మొదలగు తాలూకాలు కృష్ణాజిల్లాలో చేర్పబడెను. 1925లో పశ్చిమగోదావరిజిల్లా యేర్పడినంతట కొల్లేరు మఱల రెండు జిల్లాల నడుమ చీలిపోయెను. తొంబదియేడేండ్లు గడచిన పిమ్మట, 2022లో, ఏలూరు జిల్లా వెలసి సరస్సులో నధికభాగమును తనలోనికి తీసికొన్నది. తమ్మిలేటి పుట్టినచోటు మొదట హైదరాబాదు సంస్థానమున నుండెను, 1956లో ఆంధ్రప్రదేశమున చేరెను, 2014 నుండి తెలంగాణరాష్ట్రమున నున్నది. గీతలన్ని సారులు మాఱినను బుడమేరు కాని, తమ్మిలేరు కాని దారి మార్చుకొనలేదు.

1970 తరువాతి దశకములలో మఱియొక మార్పు వచ్చినది. 1976 మొదలు ప్రభుత్వమే సరస్సులో చేపలచెఱువులు త్రవ్వించి సహకారసంఘముల కిచ్చెను. పేదలకు జీవనోపాధి కల్పింపవలెనను నుద్దేశము మంచిదే. లాభము కనబడినంతట ధనికులు ప్రవేశించిరి. గట్లు పెరిగినవి, నీటిదారులు మూసికొనిపోయినవి. చేపలకు వేసిన తవుడు, తెలికపిండి, కోళ్లయెరువు నీటిలో క్రుళ్లి, పట్టుబడికై చెఱువు తోడినప్పుడు కోళ్లలోనికి వచ్చెను. 1999లో ప్రభుత్వము సముద్రమట్టమునకు 5 అడుగుల యెత్తువఱకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును వన్యప్రాణి సంరక్షణాలయముగా ప్రకటించెను. జనులు దీనినే ‘అయిదవ కాంటూరు’ అందురు. 2002లో కొల్లేరు రామ్సారు ఒడంబడికక్రింద అంతర్జాతీయప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో సర్వోన్నతన్యాయస్థానపు టుత్తరువుమీద ఆ హద్దులోపలి చెఱువుగట్లు పెక్కు కూల్చివేయబడెను.

ఆ కూల్పు అవసరమైనదే. నీటిదారికి గట్టు అడ్డమని యెల్లరకును తెలియును. కాని కంటికి కనబడు దోషమునకే శిక్ష పడినదని చెప్పక తప్పదు. సంఘముల సభ్యులైన పేదలు బ్రతుకుతెరువు పోగొట్టుకొనిరి. హద్దు వెలుపలి చెఱువులును, ఎగువ పొలములును, పట్టణముల మురుగును మునుపటివలెనే కొల్లేటికి నీరు పంపుచునే యుండెను.

శాసనధర్మముయొక్క రూపమే దీనికి కొంత కారణము. 1974 నాటి జలకాలుష్యనివారణచట్టము ప్రధానముగా కర్మాగారమును, దాని గొట్టమును దృష్టియందుంచుకొని యనుమతులిచ్చు పద్ధతి నేర్పఱచినది. గొట్టమునకు యజమాని యుండును, దాని మొదట నిలిచి నీటిని పరీక్షింపవచ్చును. పొలమునకు గొట్టము లేదు. వాన కురిసినచో గట్టు పొడుగునను నీరు వెడలును. ఇట్టిదానిని ఆపుటకు నేరస్థుని వెదకు చట్టము చాలదు, ఎల్లరను కూర్చు ఏర్పాటు కావలెను.

గీతలను పోల్చి చూచినచో నీ విషయము తేటపడును. సంరక్షణాలయము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. రామ్సారు పట్టికలోని విస్తీర్ణము 901. కొల్లేటికి నీరిచ్చు పరివాహకప్రదేశము సుమారు 6,000. 2008లో శాసనసభ సంరక్షణాలయమును మూడవ కాంటూరునకు కుదింపవలెనని తీర్మానించెను. 2011లో కేంద్రప్రభుత్వము నియమించిన నిపుణసంఘము అందుల కంగీకరింపలేదు. ఏండ్లతరబడి వాదమంతయు నీ చిన్నగీతను ముందునకు జరుపుటయా, వెనుకకు జరుపుటయా యనుదానిపైననే నడచినది. మాలిన్యము మాత్రము పెద్దగీతలోపల పుట్టి చిన్నగీతను దాటి వచ్చుచున్నది. 2017 నాటి చిత్తడినేలల నిబంధనలు ‘ప్రభావమండల’మను భావమును, అనగా చిత్తడినేలకు హాని కలిగింపగల పరివాహకభాగమును లెక్కకు తీసికొను పద్ధతిని, దేశపు శాసనభాషలోనికి తెచ్చినవి. కొల్లేటి విషయమున వలసిన భావమిదియే.

ఇది డెల్టావాసులకు కొత్త కాదు. వరదనీటి విషయమున వారు ఒక్కటిగా నాలోచించిన సందర్భము గలదు: 1968లో మురుగుకాలువల మరమ్మతులకై కృష్ణా గోదావరి డెల్టాభూములపై ప్రత్యేకపు పన్ను విధించు చట్టము చేయబడెను. ఎగువవాని నీరు దిగువవానిని ముంచుననియు, ఖర్చు ఇరువురును భరింపవలెననియు నా చట్టముయొక్క భావము. 1997 నాటి చట్టముచే రైతులు ఎన్నుకొనిన నీటిసంఘములు వచ్చి కాలువనీటి వంతులు చూచుటకు పూనుకొనినవి. వచ్చు నీటికి వంతులు గలవు. పోవు నీటి పరిమాణమునకు పన్ను గలదు. పోవు నీటి గుణమునకే లెక్క లేదు.

ఆ లెక్క అసాధ్యము కాదు. ప్రతి కోడు కొల్లేటిలో కలియుచోట ఏడాది పొడుగున నీటిని పరీక్షించి ఫలితములను గ్రామములలో ప్రకటింపవచ్చును. అప్పుడు వ్యక్తిని కాక కోటిని బాధ్యునిగా చేయవచ్చును. భూపరీక్షననుసరించి యెరువు తగ్గించిన రైతునకు ఖర్చును తగ్గును. కోళ్ల గట్లను గడ్డి, తుంగ పెంచినచో కొంత మాలిన్యమచటనే నిలుచును. చేపలచెఱువు తోడిన నీటిని కోటిలోనికి వదలకముందు కొంతకాలము వేఱొక గుంటలో నిలుపవచ్చును. పట్టణములు తమ మురుగును శుద్ధి చేసియే వదలవలెను. వీనినన్నింటిని ఏలూరు, కృష్ణా, పశ్చిమగోదావరి, ఎన్టీఆర్ జిల్లాలును, ఖమ్మము సీమయు కూడిన యొక్క సంఘము చూచిననే ఫలము కలుగును.

అంతులేని వ్యవహారమును కొల్లేటి చాంతాడనుట తెలుగువారి వాడుక. కొల్లేటి నీటివ్యవహారమును అట్లే సాగినది. ఏలయన త్రాటి రెండవకొన యెచట నున్నదో చూడక, ఒక్కకొననే పట్టి లాగుట జరిగినది. ఆ రెండవకొన సరస్సున లేదు. అది మైలవరపు వాగులలోను, ఖమ్మపు కొండలలోను, రెండు డెల్టాల మడులలోను, పట్టణముల వీథులలోను ఉన్నది.