లంబసింగి ఘాట్ రోడ్డు ఎవరు వేశారు? బండ్ల మీద ఒక రోజు, వందేళ్ళ మన చరిత్ర

పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి.

చలికాలం మొదలైతే చాలు, మనోళ్ళ స్టేటస్‌లన్నీ లంబసింగి మంచు ఫోటోలే. ఈసారి మేమూ ఎల్లాం. మూడు బండ్లు, ఆరుగురం. అందరం అనకాపల్లిలో చదువుకుంటున్నోళ్ళమే. తెల్లారగట్ట మూడు గంటలకి బయల్దేరి, తాళ్ళపాలెం దగ్గర హైవే వదిలి, మాకవరపాలెం మీదుగా నర్సీపట్నం చేరాం. అక్కడ పెట్రోలు కొట్టించి, టీ తాగి, ఘాట్ ఎక్కడం మొదలెట్టాం. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక చలి ఎముకల్లోకి దిగింది. బండి వెనకాల కూర్చున్న మా బావ అసలు మాటాడ్డం మానేశాడు.

ఒక మలుపు దగ్గర ఆగాం. కింద లోయంతా మంచు, పాలు పొంగినట్టుంది. అందరం ఫోన్లు తీశాం. అప్పుడు అన్నాడు బావ. ఆడిది చింతపల్లి వైపు ఊరు.

"ఏట్రా, ఈ రోడ్డు ఎవులేశారో తెలుసా?"

"గవర్నమెంటు" అన్నాన్నేను.

"కాదురా. మా ముత్తాతోళ్ళు రాళ్ళు మోశారంట. మా నానమ్మ సెప్పీది. కూలీ అడిగితే కొరడా దెబ్బలే కూలంట."

ఆ మాటకి నా చేతిలో ఫోను జేబులోకి ఎళ్ళిపోయింది. పాఠం పుస్తకంలో చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మన్యం పితూరి అనగానే మనకి అల్లూరి సీతారామరాజు గారు, విల్లు, బాణం, కాషాయం గుర్తొస్తాయి. కానీ ఆ పితూరికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి రోడ్డు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన ఈ దారే.

అప్పట్లో గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు ఉండేవాడు. ఘాట్ రోడ్ల పనికి ఊళ్ళ మీద పడి మనోళ్ళని తోలుకుపోయేవాడు. సరైన కూలీ లేదు, ఎదురుచెప్తే దెబ్బలు. దీన్నే వెట్టి అన్నారు. సొంత పొలంలో పని ఉన్నా, ఇంట్లో జబ్బున్నా కబురొస్తే ఎళ్ళాల్సిందే. రోడ్డు మనకోసమా అంటే కాదు. అధికారులు, పోలీసులు తొందరగా కొండెక్కడానికి, అడవిలో సరుకు కిందికి దింపడానికి.

వెట్టి ఒక్కటే అయితే జనం ఓర్చుకునేవారేమో. దానికి ముందే 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది. తాతల నాటి పోడు నేరమైపోయింది. ఆబ్కారీ రూల్సుతో మన జీలుగు చెట్టు కల్లు మనం గీసుకోడానికి కూడా ఇంకొకడి దయ కావాల్సొచ్చింది. ఊళ్ళకి పెద్దలుగా ఉన్న ముఠాదార్ల అధికారం కరిగిపోయింది. పొలం, చెట్టు, ఊరి మాట మూడూ పోయాక మిగిలింది ఒళ్ళు ఒక్కటే. రోడ్డు పనికి దాన్నీ లాక్కున్నారు. అందుకే 1922లో జనం లేచారు. ఒక్క మనిషొచ్చి లెగండి అంటే లేచింది కాదు. లేవడానికి సిద్ధంగా ఉన్న జనానికి నాయకుడు దొరికాడు. నా ఉద్దేశంలో ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

లంబసింగిలో ఎండ వచ్చేదాకా మంట దగ్గర కూర్చున్నాం. ఈ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి ఆరుబయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరొచ్చిందంటారు. ఇప్పుడు ఎక్కడ చూసినా టెంట్లు, స్ట్రాబెర్రీ తోటలు, డీజేలు. రోడ్డు పక్కన బీరు సీసాలు. సీసాలు పడేసినోళ్ళంతా బయటోళ్ళేనని నేననను. మన కుర్రోళ్ళు కూడా ఉన్నారు.

అక్కడి నుంచి తాజంగి చెరువు చూసుకుని చింతపల్లి ఎల్లాం. లంబసింగి నుంచి ఇంకో 20 కిలోమీటర్లుంటుంది. దారి పొడుగునా కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్ల మీదకి పాకిన మిరియం తీగలు. ఎండెక్కేసరికి బావ మళ్ళీ మనిషయ్యాడు, మాటలు మొదలెట్టాడు.

1922 ఆగస్టు 22న పితూరి మొదటి దెబ్బ చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు పట్టుకుపోయారు. ఏం పట్టుకెళ్ళారో రాసిపెట్టి మరీ ఎళ్ళారు. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్య దొరని విడిపించారు.

ఒక్కసారి ఆలోచించండి. మేం బండి మీద, రోడ్డు మీద ఎళ్తేనే నడుములు పడిపోయాయి. ఆళ్ళు వానాకాలంలో, గెడ్డలు పొంగే రోజుల్లో, కాలిబాటల్లో నడిచి మూడు రోజుల్లో మూడు స్టేషన్లు కొట్టారు. సర్కారుకి రోడ్డుంది. మనోళ్ళకి అడవిలో ప్రతి బాటా తెలుసు. నెల తర్వాత 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది కూడా అదే. ఇరుకు దారిలో పోలీసు దళం వస్తుంటే, ముందు నడిచిన దేశీ పోలీసుల్ని పోనిచ్చి, వెనకాల వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. ఆ తర్వాతే మలబారు పోలీసులూ, అస్సాం రైఫిల్సూ కొండలెక్కింది.

చింతపల్లిలో భోజనం చేస్తూ ఒక పందెం వేసుకున్నాం. పితూరిలో పోరాడిన మనోళ్ళ పేర్లు ఎవరు ఎక్కువ చెప్తే ఆళ్ళకి భోజనం ఫ్రీ. ఆరుగురిలో అందరూ గంటందొర, మల్లుదొర అన్నారు. అక్కడితో ఆగిపోయారు. నాకూ అంతే. ఫోన్లో వెతుక్కుని చదూకున్నాం: గోకిరి ఎర్రేసు, బొంకుల మోదిగాడు, కంకిపాటి ఎండు పడాలు, మొట్టడం వీరయ్య దొర. సినిమా హీరోల పుట్టినరోజులు నోటికొచ్చు గానీ ఈ నాలుగు పేర్లు రాలేదు. ఆ పూట బిల్లు అందరం పంచుకున్నాం, సిగ్గుతో.

గాం మల్లుదొర గారి సంగతి మరీ విచిత్రం. 1923లో పట్టుబడ్డారు. అండమాన్ జైలుకి పంపారు. అక్కడి నుంచి బతికి తిరిగొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. ఏ రాజ్యం ఆయన్ని సంద్రం దాటించిందో, అది పోయాక వచ్చిన పార్లమెంటులో కూర్చున్నారు. మన పిల్లలకి చెప్పాల్సిన కథ కాదా ఇది?

సాయంత్రం అదే ఘాట్ దిగి, కృష్ణదేవిపేట వైపు తిరిగాం. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజు గారిని చెట్టుకి కట్టి కాల్చేశాక, ఇక్కడికే తెచ్చి దహనం చేశారు. సమాధి దగ్గర కాసేపు మాటలు లేకుండా కూర్చున్నాం. ఆయన్ని తక్కువ చేయాలని కాదు నేనీ పోస్టు రాసేది. మన కొండకొచ్చి, మనతో తిని, మనకోసం చచ్చిపోయిన మనిషి. కానీ ఆయన వెనకాల నడిచినోళ్ళు ఉత్త గుంపు కాదు. ఒక్కొక్కరికీ పేరుంది, ఊరుంది, పోగొట్టుకున్న పోడుంది.

ఇంకో సంగతి. ఈ సమాధి ఉన్న గొలుగొండ మండలం ఇప్పుడు అనకాపల్లి జిల్లా. చింతపల్లి, దామనపల్లి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్ 4న ఈ గీత పడింది. మేం ఒక్క రోజులో అటూ ఇటూ తిరిగొచ్చాం, కొండకి ఆ గీత తెలీదు. మా ఊరు రోలుగుంట వైపు కొండ మీద. మేమూ గిరిజనులమే, కానీ మా ఊరు షెడ్యూల్డ్ ఏరియాలో లేదు, 1/70 చట్టం మా భూమికి వర్తించదు. రోడ్డూ లేదు. రెండేళ్ళ కిందట మా వదినకి నొప్పులొస్తే డోలీ కట్టి మోసుకొచ్చాం. ఆ మోసినోళ్ళలో నేనూ ఉన్నాను. భుజం మీద కాయ ఇంకా మానలేదు.

అందుకే తిరిగొచ్చేటప్పుడు బావతో అన్నాను: "మీ ముత్తాతలు వద్దన్నా రోడ్డేయించారు. మేం కావాలని అర్జీలెడుతుంటే ఎయ్యట్లేదు."

ఆడు కాసేపు ఊరుకుని, "రెండూ ఒకటే కదరా. అప్పుడూ మనల్ని అడగలేదు, ఇప్పుడూ అడగట్లేదు" అన్నాడు.

నాకు ఆ రోజంతా తిరిగినదాంట్లో ఇంటికి తెచ్చుకున్న మాట ఇదే. మన పూర్వీకులు రోడ్డుకి ఎదురు తిరగలేదు. తమ కొండ మీద తమని అడక్కుండా, తమ ఒళ్ళు ఖర్చుపెట్టి, ఇంకొకరి అవసరం కోసం వేసిన రోడ్డుకి ఎదురు తిరిగారు. ఇప్పుడు రాజమహేంద్రవరం నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరానికి 516ఈ జాతీయ రహదారి వస్తోంది. రానీండి, మంచిదే. కానీ అది ఎవరి భూమిలోంచి ఎళ్తోంది, గ్రామసభలో ఏమన్నారు, పరిహారం ఎవరి చేతికొచ్చింది, పక్కనున్న కొండ ఊరికి దాన్నించి చిన్న దారైనా పడుతుందా అని అడగాల్సింది చదువుకున్న మనమే.

చివరిగా ఒక పని చెప్తాను, కష్టం కాదు. ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ తాతనో నానమ్మనో కూర్చోబెట్టి అడగండి: మన ఇంట్లోంచి వెట్టికి ఎవరెళ్ళారు, పితూరిలో ఎవరున్నారు, ఏ ఊరు కాల్చారు అని. పేరు, ఊరు, ఆళ్ళు చెప్పిన మాట రాసి ఇక్కడ పెట్టండి. మా బావ వాళ్ళ నానమ్మ పోయిన ఏడాదే పోయింది. ముత్తాత పేరు ఆడికి తెలీదు, అడగలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆడి గొంతు మారిపోయింది.

ఘాట్ ఎక్కండి, ఫోటోలు దిగండి, మంచు చూడండి. సీసాలు మాత్రం పడేయకండి. ఆ రాళ్ళు మనోళ్ళు మోసినవి.

జోహార్.