చెవిలో పాచి, వెలుగు మందు



మా బరంపురం, గంజాం బడుల్లో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. పేరు పిలిస్తే పలకని పిల్లవాణ్ణి ముందు మనం పరధ్యానం అంటాం, తర్వాత మొద్దు అంటాం. దగ్గరికి పిలిచి చూస్తే చెవిలో దూది ఉంటుంది. "ఎప్పుడూ కారుతూనే ఉంటుందండీ" అంటుంది తల్లి. మందు వేస్తే తగ్గిన చెవి మళ్ళీ ఎందుకు కారుతుంది?

జవాబు మనకు తెలిసిన మాటలోనే ఉంది. అది పాచి. చెరువు మెట్ల మీద పట్టిన పాచి నీళ్ళు పోస్తే పోదు. 1683లో హాలెండు దేశపు లీవెన్‌హుక్ తన పళ్ళ పాచిని సూక్ష్మదర్శినిలో చూసి, అందులో కదిలే జీవులను వర్ణించాడు. బాక్టీరియా గుంపుగా అతుక్కుని చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. దీనినే బయోఫిల్మ్ అంటారు. మాటిమాటికీ చెవి జబ్బు చేసి గొట్టం అమర్చవలసి వచ్చిన 26 మంది పిల్లల మధ్యచెవి పొరను అమెరికా పరిశోధకులు పరీక్షించి, 2006లో ఫలితం ప్రకటించారు. 50 నమూనాలలో 46 చోట్ల ఈ పాచి కనిపించింది. ఆ జిగురు కింద దాగిన క్రిములు మందులకు ఓ పట్టాన లొంగవు.

మరి పాచిని కరిగించేదెలా? ఒక పాత ఆలోచన మళ్ళీ ముందుకు వచ్చింది. బొల్లికి బావంచాలు వాడి ఎండ తగిలించడం మన వైద్యులకు ఏనాటినుంచో తెలుసు. ఆ గింజలోని పదార్థాన్ని మేల్కొలిపేది ఎండే. జర్మనీలో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి, రంగు కలిపిన నీటిలో సూక్ష్మజీవులు చీకట్లో బతికి వెలుతురులో చనిపోవడం గమనించి 1900లో ప్రకటించాడు. రంగు వెలుగును పీల్చి పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. ఆ ఆక్సిజన్ క్రిమి గోడలనూ, జిగురునూ దెబ్బ తీస్తుంది.

తర్వాత పెన్సిలిన్ వచ్చింది. 1948లో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో ఆరియోమైసిన్ వెలువడింది. ఆ మందులు లక్షల ప్రాణాలు నిలిపాయి. వెలుగు సంగతి వెనకబడింది. ఇప్పుడు క్రిములు ఆ మందులకు అలవాటు పడుతుంటే, శాస్త్రజ్ఞులు రంగునూ వెలుగునూ మళ్ళీ చేతబట్టారు. ప్రయోగశాలల్లో పాచి మీద మంచి ఫలితాలే కనిపించాయి.

కాని తొందరపడకండి. మధ్యచెవి కర్ణభేరి వెనక ఉంది. రంగు అక్కడికి చేరాలి, సన్నని తీగ గుండా వెలుగు చేరాలి, వినికిడి నరాలకు హాని జరగకూడదు. పిల్లలకు మామూలుగా ఇచ్చే చికిత్సగా అది ఇంకా రాలేదు. ఇంట్లో పిల్లవాడి చెవిని ఎండకు పట్టినా, టార్చి వేసినా లాభం లేదు.

అంతవరకూ మన చేతిలో ఉన్నది చేద్దాం. కారే చెవిలో వెల్లుల్లి నూనె, ఆకు పసరు పోయకండి. శుభ్రమైన గుడ్డను వత్తిలా చుట్టి చీము అద్ది తీయండి. చెరువులో మునగనివ్వకండి. డాక్టరు చెప్పినన్నాళ్ళూ మందు వాడండి. 1962లో వెలసిన మన బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. ఇచ్ఛాపురం వారికైనా అది దూరం కాదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. పలకని పిల్లవాణ్ణి తిట్టేముందు ముందు బల్లకు పిలవండి. ఓసారి వాడి చెవి చూడండి. సెలవు.