పుష్పక విమానం (1987)

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వం వహించిన మాటల్లేని హాస్యచిత్రం. కమల్‌హాసన్, అమల ముఖ్య పాత్రధారులు. శృంగార్ నాగరాజ్‌తో కలిసి సింగీతమే నిర్మించారు, సంగీతం ఎల్. వైద్యనాథన్‌ది.

ఒకరిని మరొకరిగా పొరబడటం మూకీ హాస్యానికి పాత ముడిసరుకు. బస్టర్ కీటన్ రెండు రీళ్ల చిత్రం ‘ది గోట్’ (1921)లో గోడమీది బొమ్మ చూసి అమాయకుణ్ణి హంతకుడనుకుని జనం పరుగులు తీస్తారు. పుష్పక విమానంలో పొరపాటు హంతకుడిదే. నిరుద్యోగి ఒకడు తాగిపడిన ధనవంతుణ్ణి తన గదిలో కట్టిపడేసి, అతని హోటల్ గదిలో చేరతాడు. ధనవంతుణ్ణి చంపడానికి వచ్చిన కిరాయి హంతకుడు (టినూ ఆనంద్) ఇతణ్ణే అతననుకుని మంచు కత్తితో వెంటపడతాడు. పొడిచాక కరిగిపోతుంది కనుక సాక్ష్యం మిగలదు. పొడవకముందే కరిగిపోతుందేమోనన్న కంగారులోనే నవ్వంతా ఉంది.

అన్నిటికంటే గొప్ప ఘట్టం నిద్రది. మెత్తటి పరుపు మీద కథానాయకుడికి కునుకు పట్టదు. తన పాత గది పక్కనున్న సినిమాహాలు రొదను టేప్‌రికార్డర్‌లో పట్టి తెచ్చి, అది పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికాన్ని ఇంత సూటిగా చూపిన సంభాషణ మన సినిమాల్లో అరుదు. అసలు మూకీలకు ఈ చప్పుడు వెసులుబాటు లేదు.

పుష్పక విమానం తమిళంలో ‘పేసుం పడం’గా, హిందీలో ‘పుష్పక్’గా విడుదలైంది, పేరు మారిస్తే చాలు, డబ్బింగ్ అక్కర్లేదు. ఆరోగ్యకర వినోదాన్నిచ్చిన ప్రజాదరణ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది.