బకింగ్‌హాం కాలువ మీద తెరచాప ప్రయాణం



చెన్నైలో బీచ్ స్టేషన్ నుంచి మైలాపూరు మీదుగా వేళచ్చేరి వెళ్లే రైలు మీలో చాలామంది ఎక్కే ఉంటారు. చేపాక్కం దాటాక కిటికీలోంచి కిందికి చూడండి. రైలును మోస్తున్న స్తంభాల మధ్య నల్లటి నీరు కనిపిస్తుంది. ముక్కు మూసుకుని అవతలికి తిరిగిపోతాం. అది మురుగుకాలువ అనే మన పిల్లలు అనుకుంటారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. కానీ ఒకప్పుడు ఆ నీటి మీదికి కృష్ణా తీరం నుంచి, గోదావరి తీరం నుంచి తెరచాప ఎత్తిన పడవలు వచ్చేవంటే నమ్ముతారా? అదే బకింగ్‌హాం కాలువ. ఈ వేళ మిమ్మల్ని అలాంటి ఒక పడవ ఎక్కించి, బెజవాడ నుంచి మద్రాసు దాకా తీసుకురావాలని నా కోరిక.

బయలుదేరేముందు ఈ దారి ఎలా ఏర్పడిందో రెండు మాటల్లో చెప్పుకుందాం. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు వరకు ఒక కాలువ తవ్వించాడు. అప్పట్లో దాన్ని కాక్రేన్ కాలువ అనేవారు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తరువాత అది పులికాట్ సరస్సు దాకా, అక్కడినుంచి నెల్లూరు తీరం వెంట పెదగంజాం దాకా సాగింది. ఈలోగా పైన కాటన్ దొర పుణ్యాన 1852కి ధవళేశ్వరం ఆనకట్ట, 1855కి బెజవాడ ఆనకట్ట వచ్చాయి. ఆ ఆనకట్టల కాలువలు పొలాలకు నీళ్లిస్తూనే పడవలకూ దారి ఇచ్చాయి. రైలు కంటే కాలువే చౌక, కాలువే మేలు అని కాటన్ దొర జీవితాంతం వాదించాడు. కాకినాడ కాలువ 50 కిలోమీటర్లు, ఏలూరు కాలువ 139, దుగ్గిరాల నుంచి పెదగంజాం వరకు కొమ్మమూరు కాలువ 113, పెదగంజాం నుంచి చెన్నైకి ఉత్తర బకింగ్‌హాం కాలువ 316, అక్కడినుంచి మరక్కాణం దాకా దక్షిణ కాలువ 110 కిలోమీటర్లు. గొలుసులో కడియాల్లాగా ఒకదానికొకటి తగులుకున్నాయి.

ఇందులో ఒక కడియం కరువులో పోతపోసింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పట్టిన కరువు గురించి మీరు వినే ఉంటారు. మద్రాసు నగరంలో కూవం నదిని అడయారు నదితో కలిపే దాదాపు ఎనిమిది కిలోమీటర్ల కాలువను ఆ కరువు పనుల్లోనే తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. ఆయన పేరే మొత్తం కాలువకు స్థిరపడింది. 1877లో కొంతకాలం కరువు పనికి వచ్చిన మగవాడికి రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి తట్టలు మోసినవాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. పడవ ఎక్కేముందు వాళ్లను ఒకసారి తలుచుకోవడం మన ధర్మం.

ఇక ఎక్కుదాం. ఇది పేరున్న పడవేమీ కాదు. బియ్యమో, పొగాకో వేసుకుని వెళ్లే సరుకు పడవ. పడవ మధ్య ఒక కొయ్య స్తంభం, దానికి తెరచాప. వెనుక చుక్కాని దగ్గర ఒక మనిషి. వంతెన వచ్చినప్పుడల్లా స్తంభాన్ని వంచి, దాటాక మళ్లీ నిలబెట్టాలి. శీతకాలంలో ఉత్తరపు గాలి వీస్తుంటే దక్షిణానికి పోయే పడవకు పండగే. ఎండాకాలంలో దక్షిణపు గాలి ఎదురొస్తే తెరచాప చుట్టేసి గడలు వేయాలి. లేదా ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజానికి వేసుకుని పడవను లాగాలి. పడవ ప్రయాణం అంటే మనకు పాటలు గుర్తొస్తాయి. ఆ తాడు ఒరుసుకున్న భుజం కూడా గుర్తుండాలి.

ఇక్కడ మీరు ఒక సంగతి గమనించండి. రైలు ఎక్కినవాడు గడియారం చూసుకుంటాడు. పడవ ఎక్కినవాడు గాలి చూసుకుంటాడు. గాలి పడిపోతే ఆగాలి. లాకుల దగ్గర నీటిమట్టం సరయ్యేదాకా ఆగాలి. పెదగంజాం దాటాక కాలువలో ఉప్పునీరు. సముద్రపు పోటు వచ్చే కాలువ అది. కాబట్టి మంచినీళ్ల కోసం కడవ పట్టుకుని ఊళ్లోకి నడవాలి. ఆ ఊళ్లో ఇసుకలో తవ్విన దొరువులో తియ్యటి నీరు ఉంటుంది. సముద్రం పక్కనే తియ్యటి నీరు! అది ఎక్కడుందో ఆ ఊరివాళ్లకే తెలుసు. వాళ్లను అడగాలి. అడిగితే మాట కలుస్తుంది. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏం సరుకు అని వాళ్లడుగుతారు. ఇలా ఆగినచోటల్లా ఒక ఊరు, ఒక పలుకు, ఒక వంట మీ వెంట వచ్చేస్తాయి. పొరుగువారి బతుకును తెలుసుకోవాలని పడవవాడు ఎక్కడా బయలుదేరలేదు. గాలి ఆగింది కనుక తెలుసుకున్నాడు.

ఉదాహరణకు ఎండ్రకాయనే తీసుకోండి. గోదావరి జిల్లాల్లో అది పీత. నెల్లూరు తీరానికి వచ్చేసరికి ఎండ్రకాయ అంటారు. ఎన్నూరు దగ్గరికి రాగానే అదే నండు. రొయ్య కాస్తా ఇరాల్ అవుతుంది. గాలి కాట్రు అవుతుంది. మన పడవ మాత్రం కొంచెం గొంతు మార్చుకుని పడగు అవుతుంది. ఇక చినగంజాం దగ్గర మడుల్లో తెల్లగా మెరిసే ఉప్పు ఉంది చూశారూ, అది మద్రాసు చేరినా ఉప్పే. తమిళంలోనూ ఉప్పే. వాదులాడుకోవడానికి వీల్లేని మాట అది. కాలువ వెంట వచ్చినవాడికి ఒక భాష ముగిసి మరో భాష మొదలైన చోటు కనపడదు. ఒక్కో మాటా నీళ్లలో ఉప్పు కరిగినట్టు మెల్లగా మారుతూ వస్తుంది.

ఇప్పుడు పడవ దుగరాజపట్నం దగ్గరికి వచ్చింది. 1626లో ఆంగ్లేయులు ఇక్కడ ఒక వర్తకస్థావరం పెట్టుకున్నారు. వాళ్లు దాన్ని ఆర్మగాం అనేవారు. అక్కడ వ్యాపారం కుదురుకోక ఇంకో చోటు వెతుక్కున్నారు. 1639లో దొరికిన ఆ చోటే మద్రాసు. అంటే ఇంతటి మహానగరం పుట్టుక వెనుక ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని ఒక చిన్న రేవు ఉంది. ఈ సంగతి మన పిల్లలకు చెబితే చరిత్ర పాఠం కొంచెం దగ్గరగా అనిపిస్తుంది.

అది దాటితే పులికాట్ సరస్సు. తెలుగువారు దాన్ని ప్రళయకావేరి అంటారు. తమిళులు పళవేర్కాడు అంటారు. స.వెం. రమేశ్ గారు ఈ సరస్సు ఒడ్డు తెలుగువారి బతుకును ‘ప్రళయకావేరి కథలు’గా రాశారు. దొరికితే చదవండి. ఆ పలుకు మీ చెవిలో చాలాకాలం ఉంటుంది. డచ్చివారు 1613లో ఇక్కడ గెల్డ్రియా అనే కోట కట్టుకున్నారు. 1690 వరకు కోరమాండల్ తీరంలో వాళ్ల వ్యాపారానికి ఇదే పెద్ద ఠాణా. ఈ చుట్టుపట్ల మగ్గాల మీద నేసిన గళ్ల బట్ట ఓడలెక్కి తూర్పు దీవులకు పోయేది. అక్కడినుంచి మసాలా దినుసులు వచ్చేవి. మలయా, ఇండోనేషియా దేశాల్లో గళ్ల లుంగీని పెలెకట్ అంటారు. ఆ మాట పులికాట్ పేరు నుంచి వచ్చిందే. కోట ఇప్పుడు లేదు. డచ్చివారి సమాధులు మాత్రం ఉన్నాయి. ఆ సమాధుల ద్వారానికి ఎముకల గూళ్ల బొమ్మలు చెక్కారు. లాభాలు లెక్కపెట్టుకున్న మనుషులు చివరికి తమ గుమ్మం మీద ఏం చెక్కించుకున్నారో చూడండి!

ఈ సరస్సు మీద చేపలు పట్టేవారికి పాడు అనే కట్టుబాటు ఉంది. ఏ రోజు ఎవరు ఏ చోట వల వేయాలో వంతుల ప్రకారం నిర్ణయించుకుంటారు. మంచి చోటు ఎప్పుడూ ఒక్కడిదే కాకుండా చూసుకుంటారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1960 ఏప్రిల్‌లో మద్రాసుతో సరిహద్దు మళ్లీ సరిచేశారు. పటం మీద సరస్సును కోస్తూ గీత పడింది. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, సముద్రంలో కలిసే పెద్ద ముఖద్వారం తమిళనాడులో ఉంది. చేపకు ఆ గీత కనపడదు. వలకు మాత్రం తగులుతుంది.

సరస్సుకు, సముద్రానికి మధ్య ఉన్నదే శ్రీహరికోట దీవి. మనకిప్పుడు ఆ పేరు వింటే రాకెట్లు గుర్తొస్తాయి. 1971 అక్టోబరులో అక్కడినుంచి మొదటి చిన్న రాకెట్టు పైకి లేచింది. అంతకుముందు నూరేళ్లకు పైగా ఆ దీవి మద్రాసు పొయ్యిలకు కట్టెలు పంపింది. అక్కడి అడవిలో కట్టె కొట్టినవారు యానాదులు. ఆ కట్టెలు ఈ కాలువ మీదే పడవల్లో బేసిన్ బ్రిడ్జి చేరేవి. మద్రాసులో ఏ ఇంట సాంబారు మరిగినా, ఏ ఇంట పప్పుచారు కాగినా, కింద మండే కట్టె కొట్టింది తెలుగు చెయ్యి. ఆ సంగతి వండినవారికీ తెలియదు, తిన్నవారికీ తెలియదు.

ఎన్నూరు దాటి, బేసిన్ బ్రిడ్జి దగ్గర తెరచాప దించాం. ప్రయాణం ముగిసింది. ఈ దారికి ఏమైందని మీరడగవచ్చు. 1899లో గూడూరు, బెజవాడల మధ్య రైలు దారి పూర్తయింది. దానితో ఒక దెబ్బ. లారీలు వచ్చి మరో దెబ్బ. అయినా కాలువ వెంటనే చచ్చిపోలేదు. 1960-61లో కూడా వెయ్యికి పైగా పడవలు రెండు లక్షల టన్నులు మించి సరుకు మోశాయి. తరువాత 1965, 1966, 1976 తుఫానులు గట్లు తెంచాయి, పూడిక నింపాయి. నగరంలోనేమో మనమే పూడ్చాం. మన ఇళ్ల మురుగును అందులోకి వదిలాం. చివరకు దాని కడుపులోనే రైలు స్తంభాలు నాటాం. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల్ని, కృష్ణా గోదావరుల్ని కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన వచ్చింది గాని తెరచాప తిరిగి రాలేదు.

కానీ 2004 డిసెంబరు 26న ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. సునామీ అల ఒడ్డెక్కినప్పుడు చాలాచోట్ల ఈ కాలువ ఆ నీటిని తన కడుపులో పట్టుకుంది. పావుగంటలో మళ్లీ సముద్రానికి వదిలింది. ఎన్నో మత్స్యకార కుటుంబాలు అందువల్ల బతికి బయటపడ్డాయి. మనం మరచిపోయిన కాలువ మనల్ని మరచిపోలేదు.

తమిళనాడులో తరతరాలుగా ఉంటున్న మనల్ని, మీరు ఎప్పుడు వచ్చారు, ఎక్కడినుంచి వచ్చారు అని అడుగుతూ ఉంటారు. కొందరు రాయల కాలం అంటాం, కొందరు తాతల కాలం అంటాం. ఈ కాలువ కథ విన్నాక నాకు ఇంకో జవాబు తోస్తుంది. మనలో కొందరు ఎక్కడినుంచో ఒక్కసారిగా ఊడిపడలేదు. ఒక్కో లాకు దగ్గర ఆగుతూ, ఒక్కో ఊరి నీళ్లు తాగుతూ, ఒక్కో మాట నేర్చుకుంటూ, ఒక్కో మాట ఇచ్చి వెళుతూ వచ్చారు. అలా వచ్చినవాడు పరాయివాడు ఎలా అవుతాడు?

మీ ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో, తాతయ్యో ఉంటే ఈ సాయంత్రం ఒక్క ప్రశ్న అడగండి. ‘కాలువ మీద కట్టె పడవ చూశావా?’ అనండి. చూశానంటే ఆ పడవ భాగాల పేర్లు, లాకుల పేర్లు, ఆగిన ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. కాలువను బాగుచేయడం మన ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ కాగితం రాయడం మాత్రం మనవల్లే అవుతుంది.