బీర్ ఫెర్రర్స్ వెండి గనులు

బీర్ ఫెర్రర్స్ వెండి గనులు ఇంగ్లాండు నైరుతి భాగాన, డెవన్ కౌంటీలో, ప్లిమత్ నగరానికి ఉత్తరాన ఉన్న పాత సీసము-వెండి గనులు. పడమట టేమార్ నది, తూర్పున టేవీ నది పారుతుండగా ఆ రెండింటి నడుమ ఏర్పడిన చిన్న ద్వీపకల్పంలో ఇవి ఉన్నాయి. నిక్షేపం పరిమాణంలో చిన్నదే అయినా ఇంగ్లాండు రాజు స్వయంగా నడిపించిన గనులుగా వీటికి చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. బీర్ ఫెర్రర్స్, బీర్ ఆల్‌స్టన్ ఇక్కడి ప్రధాన గ్రామాలు. మొదటి దాని పేరులోని రెండవ భాగం మధ్యయుగంలో ఆ భూములకు యజమానులైన ఫెర్రర్స్ కుటుంబం నుండి వచ్చింది.

భూవిజ్ఞానం

ఈ ప్రాంతంలోని శిలలు ఎక్కువగా డెవోనియన్ యుగం చివరి భాగానికి చెందిన పలకరాళ్ళు. వీటిని స్థానిక గని పనివారు కిల్లాస్ అని పిలిచేవారు. టేమార్ లోయలో రెండు రకాల ఖనిజ సిరలు కనిపిస్తాయి. (రాతిలోని పగుళ్ళలో ఖనిజాలు నిండి ఏర్పడిన నిలువు పొరను సిర అంటారు.) తగరము, రాగి లభించే సిరలు సుమారుగా తూర్పు-పడమరలుగా సాగుతాయి. ఇవి సుమారు 28 కోట్ల సంవత్సరాల క్రితం గ్రానైటు చొచ్చుకు వచ్చిన కాలానికి సంబంధించినవి. సీసము, వెండి ఉన్న సిరలు వాటికి అడ్డంగా, ఉత్తర-దక్షిణాలుగా ఉంటాయి. అందువలన వీటిని అడ్డ సిరలు అనేవారు.

ఈ అడ్డ సిరలు కూడా గ్రానైటు వేడి వలన ఏర్పడినవేనని చాలాకాలం భావించారు. ఐతే సిరలలోని స్ఫటికాలలో చిక్కుకొన్న సూక్ష్మ ద్రవ బిందువులను పరీక్షించి, వీటి వయసు సుమారు 23.6 కోట్ల సంవత్సరాలని 1990లలో నిర్ణయించారు. అనగా ఇవి గ్రానైటు చల్లబడిన తరువాత ఎంతో కాలానికి, ట్రయాసిక్ యుగంలో ఏర్పడ్డాయి. సమీపంలోని అవక్షేప శిలల నుండి వచ్చిన, కాల్షియం లవణాలు అధికంగా గల ఉప్పునీరు రాతి పగుళ్ళ గుండా ప్రవహించి, తక్కువ ఉష్ణోగ్రత వద్దనే ఖనిజాలను వదిలిపెట్టింది.

ద్వీపకల్పంలో ఇటువంటి ముఖ్యమైన సిరలు రెండు, దాదాపు సమాంతరంగా ఉన్నాయి. వీటిలోని ప్రధాన ఖనిజం గెలీనా, అనగా సీసపు సల్ఫైడు. దానితో పాటు ఫ్లోరైట్, క్వార్ట్జ్, కొద్దిగా జింకు సల్ఫైడు దొరుకుతాయి. వెండి విడిగా కంటికి కనబడదు, గెలీనాలోనే కలిసి ఉంటుంది. ముడిఖనిజం రూపం చూసి అందులో ఎంత వెండి ఉన్నదో చెప్పడం సాధ్యం కాదు, కరిగించి తూచవలసిందే. ఈ గనుల జమాఖర్చులు ఒక ఏడాది లాభంగా, మరొక ఏడాది నష్టంగా కనబడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

రాజు గనులు

1292లో మొదటి ఎడ్వర్డ్ రాజు తరఫున ఇక్కడ తవ్వకాలు మొదలయ్యాయి. వేల్స్‌లో కోటల నిర్మాణానికి, యుద్ధాలకు రాజుకు వెండి నాణేలు విపరీతంగా అవసరమైన కాలమది. గనుల అధికారిగా విలియం డి వైమండమ్ వ్యవహరించాడు. స్థానికంగా నిపుణులు చాలక, డెర్బీషైర్ కొండ ప్రాంతం నుండి, వేల్స్ నుండి పనివారిని రాజాజ్ఞతో రప్పించారు. పాత లెక్కల ప్రకారం ఎడ్వర్డ్ పాలనలోని 24వ సంవత్సరంలో ఒక్క డెర్బీషైర్ నుండే 337 మంది వచ్చారు. కూలి ఇచ్చినా, ఇది వారు ఇష్టపడి ఎంచుకొన్న కొలువు కాదు.

అవే లెక్కలలో 22వ సంవత్సరంలో 270 పౌన్లు, 23లో 521 పౌన్లు, 24లో 704 పౌన్ల వెండి వచ్చినట్లు ఉంది. మొదటి మొత్తం రాకుమారి ఎలినార్ వివాహ కట్నానికి ఉద్దేశించినది. ఆనాటి టంకశాల పౌనును బట్టి 704 పౌన్లంటే సుమారు 246 కిలోలు, దానితో దాదాపు 1,70,000 పెన్నీలు ముద్రించవచ్చు.

మొదట సిర వెంబడి నేలపైనుండి కందకాలుగా తవ్వేవారు. లోతు పెరిగేకొద్దీ ఊటనీరు అడ్డు తగలడంతో, కొండ పక్కనుండి నీరు బయటికి పోయేలా సొరంగాలు తొలిచారు. ఖనిజాన్ని ఎత్తైన చోట, గాలి బాగా వీచే కట్టెల పొయ్యిలలో కరిగించేవారు. అప్పటికీ మిగిలిన చిట్టెంలో ఇంకా సీసం ఉండేది గనుక, దానిని బొగ్గు వేసి, కొలిమితిత్తులతో ఊదుతూ మరలా కరిగించేవారు. చివరగా సీసాన్ని తెరచిన పొయ్యిలో తీవ్రంగా కాచితే, సీసం గాలితో కలిసి ఆక్సైడుగా మారి విడిపోయి, అడుగున వెండి ముద్ద మిగిలేది. ఈ పనులన్నిటికీ కలప కావాలి. నదికి ఆవలి ఒడ్డున, కార్న్‌వాల్‌లోని కాల్‌స్టాక్ అడవులు ఇందుకు ఉపయోగపడ్డాయి.

1299లో ఫ్లోరెన్స్ నగరానికి చెందిన ఫ్రెస్కోబాల్డి అనే వడ్డీ వ్యాపార సంస్థ ఈ గనులను గుత్తకు తీసుకొంది. రాజుకు అప్పులిచ్చి ఆరితేరిన ఆ సంస్థకు కూడా గని గిట్టుబాటు కాలేదు, కొద్దికాలానికే వదులుకొంది. 1349 నాటి మహామారి తరువాత పనివారు కరువై తవ్వకాలు క్షీణించాయి. 15వ శతాబ్దపు చివరి భాగంలో గనులు మరల పుంజుకొన్నాయి. నీటిచక్రాలతో తోడుయంత్రాలను నడపడానికి సుమారు 16 కిలోమీటర్ల పొడవున లంబర్న్ కాలువను తవ్వి తెచ్చారు. ఒక చిన్న గనికి ఇంతటి కాలువ అవసరమైందంటే లోపల నీటి బెడద ఎంతటిదో ఊహించవచ్చు.

19వ శతాబ్దం

ఆవిరి యంత్రాలు వచ్చాక మధ్యయుగపు పనివారు చేరలేని లోతులకు తవ్వడం వీలయింది. సౌత్ హూ, లాక్‌రిడ్జ్ మొదలైన గనులు ఈ కాలంలో పనిచేశాయి. టేమార్ ఒడ్డున వీర్ క్వే వద్ద ఖనిజాన్ని కరిగించే కర్మాగారం వెలసింది. పడమటి సిర నది కిందుగా సాగుతుంది. సిరను వెంబడించిన సొరంగాలు కూడా నది కిందికే పోయాయి. 1856లో టేమార్ నది సౌత్ టేమార్ గనిలోకి విరుచుకుపడింది. ఆ రోజు ఆదివారం కావడం వలన లోపల ఎవరూ లేరు, ప్రాణనష్టం జరుగలేదు. గని మాత్రం మునిగిపోయింది, తిరిగి కోలుకోలేదు. ఆ శతాబ్దం ముగిసేలోగా ఇక్కడి సీసపు తవ్వకాలు ఆగిపోయాయి.

పరిశోధనలు

ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పురాతత్వ శాస్త్రవేత్తలు 2000ల దశకంలో ఈ గనులను అధ్యయనం చేశారు. కాల్‌స్టాక్ చర్చి దగ్గర మధ్యయుగపు కొలిమిల ఆనవాళ్ళకై వెతుకుతుండగా, 2007లో అనుకోకుండా ఒక రోమన్ సైనిక కోట జాడ బయటపడింది. 2008లో తవ్వి దానిని నిర్ధారించారు. రోమన్లు కూడా ఇక్కడి వెండి కోసమే వచ్చారా అనే ప్రశ్న దీనితో మొదలైంది. 2006లో కార్న్‌వాల్, పడమటి డెవన్ గనుల ప్రాంతానికి ప్రపంచ వారసత్వ హోదా లభించింది. టేమార్ లోయ అందులో ఒక భాగం. ఐతే ఆ గుర్తింపు 1700 నుండి 1914 వరకు గల కాలానికే వర్తిస్తుంది కాబట్టి ఎడ్వర్డ్ రాజు నాటి తవ్వకాలు దాని పరిధిలోకి రావు.