బడిపంతులు వేసిన బాట: హైదరాబాద్ ఫుట్‌బాల్ కోచ్‌ల కథ

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. అదనపు సమయం ముగిసేసరికి 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి అడ్డుగోడలా నిలబడ్డాడు. కేరళ బ్లాస్టర్స్ 3-1తో ఓడింది. హైదరాబాద్ కోచ్ బార్సిలోనాకు చెందిన మనోలో మార్కెజ్. కరోనా వల్ల వరుసగా రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి కాబట్టి, అప్పటికి ఆయన హయాంలో జట్టు హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. దేశానికి ఆట నేర్పిన ఊరు స్పెయిన్ నుంచి కోచ్‌ను పిలిపించుకునే దాకా ఎందుకు వచ్చింది? జవాబు కోసం డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు, స్థానిక లీగ్‌లో ఆడాడు. తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నాక ఆయన పేరు దేశమంతా పాకింది. ఆ జట్టు అదే ఏడు డ్యూరాండ్ కప్పు గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును బొంబాయి నుంచి ఎత్తుకొచ్చింది.

రహీం కసరత్తుల్లో పంతులుతనం కనిపిస్తుంది. కుర్రాళ్లకు ఆయన పెట్టిన పోటీల్లో కొన్నింట డ్రిబ్లింగ్ నిషేధం, కొన్నింట అలవాటు లేని కాలితోనే బంతి తన్నాలి. నియమం ఒకటి బిగిస్తే చాలు, బంతి అందకముందే ఎవరికి ఇవ్వాలో ఆలోచించక తప్పదు. సొంత నైపుణ్యం చూపించుకోవడమే ఆటనుకునే రోజుల్లో పాస్ విలువను ఇలా ఒంటబట్టించాడు. బ్రెజిల్ 1958 ప్రపంచకప్పులో లోకానికి చూపిన 4-2-4 అమరికను మనవాళ్లకు అలవాటు చేసిందీ ఆయనే.

భారత జట్టు చరిత్రలో మంచిరోజులు చాలావరకు ఆయన చేతి కిందివే. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం. మరుసటేడు మాత్రం హెల్సింకీ ఒలింపిక్స్‌లో, చాలామంది బూట్లు లేకుండానే ఆడగా, యుగోస్లావియా చేతిలో 1-10. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ చేరాం. 1962 జకార్తాలో, మన దేశంమీద కోపంతో ఊగిపోతున్న ప్రేక్షకుల మధ్య, దక్షిణ కొరియాపై 2-1తో మళ్లీ స్వర్ణం. తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపడం రహీం సాహసమే. ఫైనల్లో ఒక గోల్ అతనిదే. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశాడు.

రహీం పోయినా విద్య పోలేదు, కాని ఊరు వదిలింది. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం మిడ్‌ఫీల్డర్; 1960 రోమ్ ఒలింపిక్ బృందంలో ఉన్నాడు. వైమానిక దళంలో పనిచేస్తూ ఆడాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం శిష్యుడు పి.కె. బెనర్జీకి సహాయకుడిగా నిలిచాడు. సిటీ పోలీస్‌లో మొదలైన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు కెప్టెన్. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్లో డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ తెచ్చిపెట్టాడు. షబ్బీర్ అలీ గోవా క్లబ్ సాల్గావ్‌కర్‌ను 1998-99 జాతీయ లీగ్ విజేతను చేశాడు. ముగ్గురూ హైదరాబాద్‌వాళ్లే, వాళ్ల పంట మాత్రం వేరే ఊళ్లలో పండింది.

కారణం కూటికి సంబంధించింది. ఆనాడు ఫుట్‌బాల్ అంటే సర్కారు కొలువు. పోలీసు శాఖ ఉద్యోగమిచ్చేది, కోచ్ కుర్రాణ్ణి ఎంచుకునేవాడు, ఇల్లు గడిచేది. కలకత్తా క్లబ్బులు ఎక్కువ డబ్బు చూపగానే ఆటగాళ్లు అటు నడిచారు. శాఖల్లో క్రీడా నియామకాలు తగ్గాక ఇక్కడ నిలబడేవాళ్లే కరువయ్యారు. రహీం పద్ధతి ఆయన శిష్యుల జ్ఞాపకంలో ఉందే తప్ప, తర్వాతి తరానికి అందించే సంస్థ ఏదీ నిలవలేదు.

స్పెయిన్ దారి వేరు. పెప్ గ్వార్డియోలా పదమూడేళ్లకే బార్సిలోనా అకాడమీలో చేరి, మిడ్‌ఫీల్డర్‌గా ఎదిగి, 2007లో ఆ క్లబ్ బి జట్టుకు, మరుసటేడు అసలు జట్టుకు కోచ్ అయ్యాడు. మరో మిడ్‌ఫీల్డర్ షాబి అలోన్సో రియల్ సొసియడాడ్ బి జట్టుతో మూడేళ్లు గడిపాకే జర్మనీ వెళ్లి, 2023-24లో లెవర్‌కూసెన్‌ను ఒక్క ఓటమీ లేకుండా లీగ్ విజేతను చేశాడు. ఇద్దరూ ప్రతిభావంతులే. అయితే ఆడటం మానిన రోజున ఎక్కడ నేర్పించడం మొదలుపెట్టాలో వాళ్లకు తెలుసు. అకాడమీ ఉంది, బి జట్టు ఉంది, తప్పు చేసి దిద్దుకునే వెసులుబాటు ఉంది. హకీంకు, నయీముద్దీన్‌కు సొంతూళ్లో అలాంటి మెట్లు దొరకలేదు.

మార్కెజ్ ఆ లోటు పూడ్చలేడు, పూడ్చడం ఆయన పనీ కాదు. 2020లో వచ్చేనాటికి పట్టిక అడుగున ఉన్న జట్టును రెండేళ్లలో విజేతగా నిలిపాడు. 2023లో గోవాకు వెళ్లాడు, తర్వాత ఏడాదిపాటు భారత జట్టునూ చూశాడు. క్లబ్ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. ఊరికి మిగిలింది ఒక కప్పు లెక్క.

ఈ కథ నుంచి నేర్చుకోవాల్సినవాళ్లు మన పొరుగునే ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం 2024లో జాతీయ అండర్-20 ఫుట్‌బాల్ పోటీలకు వేదికైంది. అదే బస్తర్ దక్షిణాన, జగదల్‌పూర్ నుంచి కుంట వెళ్లే దారిలో, తెలుగు వినబడే దోర్నపాల్ ఉంది. అక్కడి పోర్టా క్యాబిన్ (తాత్కాలిక గదుల) బడుల్లో ఊళ్లు వదిలి వచ్చిన పిల్లలు ఒకేచోట ఉండి చదువుకుంటున్నారు. రహీంకు 1950కి ముందు ఉన్న వసతి ఇంతకు మించినదేమీ కాదు: బడి, మైదానం, రోజూ కనిపించే పిల్లలు. అక్కడ ఒక వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి పదేళ్లు కదపకుండా ఉంచి, ఆయన దగ్గర నేర్చిన పిల్లల్లో ఇద్దరినైనా మళ్లీ నేర్పేవాళ్లుగా తయారుచేస్తే, హైదరాబాద్ చేయలేని పని దోర్నపాల్ చేసి చూపించవచ్చు.