పూరీ ఇల్లు, బరంపురం ఇల్లు

బరంపురంలో ఒక ఇల్లు, పూరీలో ఇంకో ఇల్లు ఉన్న పెద్దాయన బరంపురంలోనే ఒకే కాగితం మీద వీలునామా రాసి పోయాడనుకుందాం. మొన్నమొన్నటి దాకా పూరీ ఇంటి మీద ఆ వీలునామాతో కోర్టులో హక్కు నిలబెట్టుకోవాలంటే ముందు ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదని కోర్టు వేసే ముద్ర, తెచ్చుకోవాల్సిందే. బరంపురం ఇంటికి ఆ బెడద లేదు. రాష్ట్రం ఒకటే, హైకోర్టు ఒకటే, చట్టమూ ఒకటే. తేడా మాత్రం 1870 నాటిది.

ఆ ఏడాది వచ్చిన హిందూ వీలునామాల చట్టం బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు ఏలుబడిలోని ప్రాంతాలకూ, మద్రాసు, బొంబాయి నగరాలకూ వర్తించింది. కటకం, పూరీ, బాలేశ్వరం అప్పుడు బెంగాల్ కింద ఉండేవి. బరంపురం ఉన్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నా మద్రాసు నగరం కాదు కదా, అందుకే తప్పించుకుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం 57, 213 సెక్షన్లలో ఆ గీతనే దింపుకుంది. ఇల్లున్న చోటు, వీలునామా రాసిన చోటు 1870 సెప్టెంబరు 1న ఎవరి పాలనలో ఉన్నాయన్నదే లెక్క. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో కలిసింది. అప్పీళ్లు మద్రాసు నుంచి పాట్నాకు, 1948 జులైలో కటకంలో హైకోర్టు వచ్చాక అక్కడికి మళ్లాయి. వీలునామా గీత మాత్రం అంగుళం జరగలేదు.

ప్రొబేట్ లేదు కాబట్టి గంజాంలో వారసత్వపు ఇల్లు అమ్మడం సులువని అనుకోనక్కర్లేదు. ఇక్కడి చిక్కు పాలివాళ్లది. 1829 నాటి మద్రాసు రెగ్యులేషన్ హిందువుల వీలునామాకు ధర్మశాస్త్రం ఒప్పినంత మేరకే విలువ ఇచ్చింది. 1856లో ప్రివీ కౌన్సిల్ ఒక మద్రాసు వ్యాజ్యంలో వీలునామా హక్కును గుర్తించింది. కానీ ఉమ్మడి ఇంట్లో వాటా సంగతి వేరు. 1863లో మద్రాసు హైకోర్టు, అవిభక్త కుటుంబంలో ఒకడు తన వాటాను డబ్బుకు అమ్ముకోవచ్చంది. 1874లో అదే కోర్టు, అదే వాటాను వీలునామాలో ఎవరికీ రాసివ్వడానికి లేదంది. వాడి ఊపిరి ఆగిన క్షణమే అది మిగతావాళ్లకు చేరిపోతుంది, వీలునామా అందుకునేసరికి చేతిలో ఏమీ ఉండదు. బతికుండగా అమ్ముకోవచ్చు గానీ పోతూ ఇచ్చిపోకూడదు! వినడానికి వింతగా ఉన్నా తర్కం గట్టిదే.

కొన్నవాడి గతి మాత్రం చూడాలి. వాటా కొన్నంత మాత్రాన గది రాదు. పంపకాల దావా వేసుకోవాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్, బయటివాడు వాటా కొన్నా ఆ ఇంట్లో కుటుంబంతో కలిసి కాపురం పెట్టే హక్కు లేదంది. 1893 పంపకాల చట్టం ఇంకో మెట్టెక్కి, అతను దావా వేస్తే ఇంటివాళ్లే కోర్టు కట్టిన ధరకు ఆ వాటాను కొనేసుకునే వీలిచ్చింది. బరంపురం పట్టు నేతగాళ్ల వీధుల్లో ఇల్లంటే మగ్గం నడిచే చోటు కూడా. అక్కడ ఒక అన్నదమ్ముడి వాటాకు బజారులో ఏం ధర పలుకుతుందో చెప్పనవసరం లేదు.

తర్వాత ఆడవాళ్ల వంతు. 1937 చట్టం భర్త వాటాను వితంతువుకు ఇచ్చింది గానీ ఇష్టప్రకారం అమ్ముకునే హక్కు ఇవ్వలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆమెను పూర్తి హక్కుదారును చేసింది, ఉమ్మడి వాటాకూ వీలునామా రాసుకోనిచ్చింది. అదే చట్టం 23వ సెక్షన్‌లో ఒక మెలిక పెట్టింది. కుటుంబం కాపురముండే ఇంటిని మగ వారసులు పంచుకుంటే తప్ప ఆడపిల్ల పంపకం అడగకూడదు. ఇల్లు అమ్మడానికి ఆమె సంతకం కావాలి, పంచమనడానికి ఆమె నోరెత్తకూడదు. ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు నుంచే పెళ్లికాని కూతుళ్లకు పుట్టుకతో వాటా ఇచ్చింది. ఇచ్ఛాపురం ఆడపిల్లకు దక్కిన ఆ హక్కు, ఎల్లకు ఇవతల బరంపురంలో ఉన్న ఆమె చిన్నాన్న కూతురికి దక్కడానికి 2005 సెప్టెంబరు దాకా ఆగాల్సివచ్చింది. ఆ ఏడాది వచ్చిన సవరణతోనే 23వ సెక్షన్ కూడా పోయింది. నన్నడిగితే గంజాంలో ఇళ్ల అమ్మకాలను 1870 కన్నా 2005 ఎక్కువ కుదిపింది.

ఇక ప్రొబేట్ నడుస్తుండగా అమ్మకం. వీలునామాలో పేరున్న ఎగ్జిక్యూటర్‌కు అధికారం వీలునామా నుంచే వస్తుంది, ఆస్తి మరణం నాడే అతని చేతికొస్తుంది. వీలునామా అడ్డుపెట్టకపోతే అతను అమ్మవచ్చు. కోర్టు నియమించిన అడ్మినిస్ట్రేటరైతే 1925 చట్టం 307వ సెక్షన్ ప్రకారం ఆ కోర్టు అనుమతి లేకుండా ఇల్లు అమ్మకూడదు. వీలునామా దొంగదని తగాదా నడుస్తున్నంత కాలం ఆస్తి చూసుకోవడానికి కోర్టు వేరొకరిని పెట్టవచ్చు, అతనూ కోర్టు అదుపులో ఉండాల్సినవాడే, వారసులకు పంచిపెట్టే అధికారం అతనికి లేదు.

చట్టం అడగకపోయినా బరంపురంలో కొనేవాడి వకీలు ప్రొబేట్ అడిగితే అది తెలియనితనమనలేం. వీలునామా నిజమైనదని ప్రొబేట్ కోర్టు తేలిస్తే ఆ మాట అందరినీ కట్టేస్తుంది. అయితే ఆ ఇల్లు పోయినాయనదేనా, ఉమ్మడిదా అన్నది ఆ కోర్టు తేల్చదు. అందుకే ప్రొబేట్ చేతిలో ఉన్నా తెలివైన కొనుగోలుదారు తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్టు చూస్తాడు, అక్కచెల్లెళ్ల సంతకాలూ అడుగుతాడు.

2025 డిసెంబరులో పార్లమెంటు, 1925 చట్టంలో ప్రొబేట్ తప్పనిసరి చేసిన 213వ సెక్షన్‌ను తీసేసింది. దాంతో పూరీ ఇల్లూ బరంపురం ఇల్లూ ఒక గాటన పడ్డాయి. కావాలనుకున్నవాళ్లు ప్రొబేట్ ఇప్పటికీ తీసుకోవచ్చు. 307వ సెక్షన్ అలాగే ఉంది.